ఛాయాచిత్రమున పక్షి : నేల, నీరు, పేరు

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి నివాసములను పటముపై గుర్తించి చూచినచో ఒక విశేషము కనబడును. వానిలో పెక్కు, పక్షులు విరివిగా చేరు నీటిపట్టులకును, మడ అడవులకును, పచ్చిక బయళ్లకును చేరువలోనే యున్నవి. యానాము ప్రక్కన కోరంగి మడ అడవులు కలవు. గంజాము మండలపు తెలుగువారికి ఒక వైపున చిలికా సరస్సు, వేరొక వైపున ఋషికుల్యా నదీముఖము అందుబాటులో నున్నవి. చెన్నపట్టణమునకు ఉత్తరమున పులికాటు, దక్షిణమున వేడంతాంగల్. మైసూరు బెంగుళూరుల నడుమ కొక్కరె బెళ్ళూరు. షోలాపురమునకు సమీపమున నన్నజ్ బయలు. ఈ స్థలములకు కెమెరా చేతబట్టి పోవువారి సంఖ్య నానాటికి పెరుగుచున్నది. వారు తెచ్చు చిత్రములు కంటికి ఇంపుగా నుండుటలో సందేహము లేదు. కాని ఒక చిత్రము ఎప్పుడు సాక్ష్యమగును, ఎప్పుడు కేవలము అలంకారముగా మిగిలిపోవును అను ప్రశ్న విచారింపదగినది. పక్షి నివసించు చోటు స్వభావమును ఎరిగి, ఆ చోటివారు దానిని ఏమని పిలుతురో విని వ్రాసికొన్నవాని చిత్రమే శాస్త్రమునకు పనికివచ్చును.

మన దేశమున పక్షిశాస్త్రము తుపాకితో ఆరంభమైనదనుట అతిశయోక్తి కాదు. పందొమ్మిదవ శతాబ్దమున పక్షిని నిర్ధారించుటయనగా దానిని కొట్టి, చర్మమును ఒలిచి, ఎండబెట్టి, కాలికి చీటి కట్టి పెట్టెలో భద్రపరచుటయే. మదరాసు సైన్యమున వైద్యుడై, కొంతకాలము నెల్లూరున సివిల్ సర్జనుగా నుండిన థామస్ జెర్డన్ (1811–1872) కూడ ఆ పద్ధతినే అనుసరించెను. అయినను ఆయన చేసిన రెండు పనులు నేటి ఛాయాచిత్రకారునకు ఆదర్శప్రాయములు. దేశీయ చిత్రకారులచేత పక్షుల బొమ్మలను రంగులలో వ్రాయించి మదరాసునందు ప్రకటించుట మొదటిది. 1862–64 సంవత్సరములలో వెలువడిన తన ‘భారతదేశ పక్షులు’ అను గ్రంథమున శాస్త్రీయ నామములతోపాటు హిందీ, తెలుగు, తమిళాది భాషలలో జనులు వాడు పేర్లను చేర్చుట రెండవది. ఆ తెలుగు పేర్ల తీరు చూడగా అవి నిఘంటువులనుండి ఎత్తి వ్రాసినవిగాక, అడవిలోను చెరువుగట్టునను తిరుగువారి నోట విన్నవని స్పష్టమగుచున్నది.

తుపాకి స్థానమును కెమెరా ఆక్రమించుటకు మరియొక అర్ధశతాబ్దము పైగా పట్టినది. ఉత్తర హిందూస్థానమున అడవిశాఖ ఉద్యోగి యగు ఛాంపియన్, పులి నడచు త్రోవకు అడ్డముగా సన్నని తీగను కట్టి, దాని కాలు తగిలినంతనే మెరుపుదీపము వెలిగి చిత్రము దానంతటదియే పడునట్లు చేసెను. ఆ చిత్రములు 1927లో గ్రంథరూపమున వెలువడినవి. రైల్వే ఉద్యోగి లోథర్, భారతదేశమున తన పక్షిచ్ఛాయాచిత్రణమును గూర్చి వ్రాసిన పుస్తకము 1949లో ప్రచురితమైనది. తమిళదేశమున ఎం. కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపు చిత్రములతోను, చక్కని వ్యాసములతోను వన్యప్రాణుల జీవితమును సామాన్య పాఠకుల ముందుంచెను. వీరి కాలమున పలకయో, ఫిల్మో లెక్కకు మించి యుండెడిది కాదు. మీట నొక్కుటకు ముందు గంటల తరబడి చూచుట అవసరమై యుండెను. నేటి యంత్రము ఒక్క క్షణమున ఇరువది చిత్రములను గ్రహింపగలదు. సౌకర్యము పెరిగినది, నిజమే. చూచు కాలము మాత్రము తగ్గినది.

గూళ్లు కట్టు పక్షుల విషయమున ఈ తేడా మిక్కిలి ప్రమాదకరము. మండ్య మండలము మద్దూరు తాలూకాలోని కొక్కరె బెళ్ళూరు ఒక సామాన్యమైన పల్లె. అచ్చటి యిండ్ల నడుమనున్న చింతచెట్లపైనను, మఱ్ఱి రావి జాతుల చెట్లపైనను గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును శీతకాలము చివర చేరి గూళ్లు కట్టి పిల్లలను పెంచును. క్రింద పశువులు, పిల్లలు, గడ్డివాములు. పైన ఆరడుగులకు మించిన వెడల్పున రెక్కలు చాచు పక్షులు. రెట్టతో కలిసిన మట్టిని రైతులు పొలములకు ఎరువుగా తోలుకొందురు. 1976లో అడవిశాఖాధికారి నెగిన్‌హాళ్ ఈ గ్రామమును గూర్చి వ్రాసిన తరువాత దీని పేరు దేశమంతట తెలిసినది. 2007లో దీనిని సాముదాయిక రక్షిత ప్రదేశముగా ప్రకటించిరి. వేడంతాంగల్ చరిత్ర మరింత పురాతనము. సుమారు 30 హెక్టారుల ఆ చెరువులోని కొంగలను సైనికులు కాల్చుచుండగా గ్రామస్థులు కలెక్టరునొద్ద మొరపెట్టుకొని, పదునెనిమిదవ శతాబ్దము చివరనే రక్షణ సంపాదించిరని ప్రసిద్ధి. పక్షుల రెట్ట కలిసిన ఆ నీరు తమ పైరులకు బలమని వారికి తెలియును. అనగా ఈ రెండు చోట్లను పక్షులు మిగిలియుండుటకు మొదటి కారణము చట్టము కాదు, గ్రామస్థుని అనుభవము.

ఇట్టి చోట చిత్రము తీయువాడు ఎరుగవలసిన విషయమొకటి కలదు. మధ్యాహ్నపు ఎండలో ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున నిలిచి, రెక్కలు విప్పి, ఈకలు రాని పిల్లలకు నీడ పట్టును. ఆ దృశ్యము చిత్రకారులకు అత్యంత ప్రియమైనది. కాని దానికై చెట్టు మొదటికి పోయినను, ఎదుటి మేడపై నిలిచి ఒడలు కదల్చినను తల్లి ఎగిరిపోవును. కొద్దిసేపు నీడ లేకున్నను పిల్లలు వడదెబ్బకు లోనగును; కాకులు గ్రుడ్లను తన్నుకొనిపోవుటకు అంతకంటె తక్కువ కాలము చాలును. కనుక గూటి చిత్రము పొడవైన కటకముతో, పక్షి నిత్యము మనుష్యులను చూచు త్రోవనుండియే తీయదగినది. గూటికి అడ్డమైన కొమ్మను విరిచి తీసిన చిత్రమును ఎంత అందమైనదైనను ప్రదర్శనమునకు స్వీకరింపరాదు. ఆ కొమ్మయే గూటికి గొడుగు.

తెల్లని పక్షుల విషయమున వెలుతురు లెక్కను గూడ ఇచ్చట చెప్పవచ్చును. కెమెరాలోని కొలమానము ఎదుట నున్నదంతయు నడిమి బూడిదరంగని భావించి వెలుతురును నిర్ణయించును. నల్లని ఆకుల నడుమ నొక తెల్లకొంగ చిన్నదిగా నుండినచో, యంత్రము ఆ చీకటిని చూచి వెలుతురును ఎక్కువ చేయును. కొంగ రెక్కలపై ఈకల గీతలు చెరిగి సున్నపు ముద్ద మిగులును. అప్పుడు వెలుతురును ఒక మెట్టు తగ్గింపవలెను. మెరయు ఆకాశమున ఎగురు నీటికాకికి దీనికి విపరీతము. అచ్చట పెంచనిచో పక్షి మసిబొమ్మయై ముక్కు, కన్ను, కంఠము ఏవియు తెలియవు.

చిలికాలో ఈ సూత్రము దినమునకు పదిసార్లు ఉపయోగపడును. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వర్షకాలమున 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించు ఈ ఉప్పునీటి సరస్సు 1981లో రాంసార్ ఒడంబడిక క్రింద గుర్తింపబడినది. సముద్రపు నీరు, నదుల నీరు కలియు పాళ్లనుబట్టి దానిలో చేపలును, వానిననుసరించి పక్షులును మారుచుండును. పూడికచేత ఉప్పదనము తగ్గి సరస్సు క్షీణించుచుండగా 2000 సెప్టెంబరున సముద్రమునకు క్రొత్త ముఖము త్రవ్విరి. నాటినుండి చేపల రాబడి మరల పెరిగినది. ఈ చరిత్ర తెలియని చిత్రకారునకు, పక్షులు ఈ యేడు ఒక మూలనుండి మరియొక మూలకు ఏల జరిగినవో తెలియదు.

సరస్సు ఉత్తరపు అంచున మంగళాజోడి యను గ్రామము కలదు. ఒకప్పుడు అచ్చటివారిలో పెక్కురకు బాతులను పట్టి అమ్ముట జీవనోపాధి. 2000 ప్రాంతమున వారిలో కొందరు వేటను విడిచి రక్షకులై, నేడు పడవలు నడుపుచు చూపరులకు దారిచూపుచున్నారు. రెల్లు నడుమ నీరు మోకాలి లోతు. గడవేసి నడుపు చదునైన పడవలలోనే పోవలెను. ఇది చిత్రమునకు వరము. పడవ అడుగున కూర్చున్నవాని కెమెరా పక్షి కన్నులతో సమానమైన ఎత్తున నుండును. గట్టుపై నిలిచి క్రిందికి తీసిన చిత్రములో లేని ఆత్మీయత దానికి వచ్చును. త్రిపాదిని పడవలో నిలుపరాదు. ఇసుక సంచిపై కటకమునుంచి, క్షణములో వెయ్యవ వంతుకన్న తక్కువ కాలము తెరచునట్లు అమర్చినచో పడవ ఊపు చిత్రమున కనబడదు. ఎగురు బాతులకు రెండువేలవ వంతు మేలు.

కవిసమయమున రాత్రివేళ విరహముతో కుందు చక్రవాకములు చలికాలమున ఇచ్చటికి హిమాలయముల కావలినుండి వచ్చును. వానిని ఒక గంట చూచినవారికి విరహముకన్న ఆహారమునందే వానికి శ్రద్ధ మెండని తోచును. ఆ గంటసేపు చూచుటలో వేరొక ప్రయోజనము కూడ కలదు. మేయుచున్న పక్షి తల యెత్తి నిలిచినచో అది మొదటి హెచ్చరిక. మేత మాని ఒకే దిక్కునకు తిరిగినచో రెండవది. మెడ సాచి రెక్క కదిలించినచో పడవ అప్పటికే ఆగియుండవలసినది. నేర్పరియైన పడవవాడు మొదటి గుర్తునకే గడను ఆపును. సరస్సు నడుమనున్న నళబణ ద్వీపము వర్షకాలమున మునిగి, చలికాలమున తేలును. అది అభయారణ్యము, దానిపై అడుగిడుటకు వీలులేదు, దూరమునుండి చూడవలసినదే. లక్షలాది పక్షులను ఒకే వేటున లేపి ఆకాశమును నింపిన చిత్రము కొందరికి గొప్పగా తోచును. వేలకొలది క్రోసుల ప్రయాణమునకై కూడబెట్టిన క్రొవ్వును ఆ పక్షులు నిష్కారణముగా ఖర్చుచేసినవని ఆ చిత్రమునకు అర్థము.

చిలికా ముఖమునకు దక్షిణముగా గంజాము తీరము పొడవునను, ఉత్తరమున పూరీ వరకును సముద్రపు వేటచేయు నోలియాలు తెలుగు మాట్లాడువారు. ఋషికుల్యా ముఖమున సముద్రపు తాబేళ్లు సామూహికముగా గ్రుడ్లు పెట్టుట 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. వన్యప్రాణి ఛాయాచిత్రకారులను ఈ తీరము మిక్కిలి ఆకర్షించును. అందుచేతనే ఇచ్చట నిగ్రహము మరింత అవసరము. ఇసుకనుండి వెలువడిన పిల్లలు రాత్రి సముద్రముపై తోచు వెలుతురును గుర్తుగా గొని నీటివైపు ప్రాకును. తీరమున ఒక్క దీపము వెలిగినను అవి దిక్కు తప్పి గట్టువైపు నడచి నక్కల పాలగును. కాబట్టి మెరుపుదీపము ఇచ్చట పూర్తిగా నిషిద్ధము. తెల్లవారిన పిదప, చివరకు మిగిలిన కొలది తాబేళ్లు నీటికి మరలు సమయమున దూరమునుండి తీసిన చిత్రము చాలును.

యానాము చుట్టునున్న గౌతమీ పాయలలో నియమము వేరు. కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది. వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇచ్చట కాలమును నిర్ణయించునది గడియారము కాదు, ఆటుపోటులు. పోటు నిండుగా నున్నప్పుడు మడచెట్ల వేళ్లు మునిగి పక్షులు కానరావు. నీరు వెనుకకు తీయగా బురద తేలును. ఉల్లంకులు బారులుగా దిగును. లకుముకి పిట్ట వంగిన వేరుపై కూర్చుండును. కనుక మరునాటి నీటి వేళను ముందుగా పడవవారిని అడిగి తెలిసికొనని ప్రయాణము సగము వ్యర్థము. బావురు పిల్లియు, నీటికుక్కయు ఈ అడవికి ప్రత్యేకమైన జంతువులు. బావురు పిల్లి రాత్రించరము; పాయల ఒడ్డున అమర్చిన స్వయంచాలకపు కెమెరాలవలననే దాని నడవడి కొంత తెలియవచ్చినది. ఉప్పుగాలి, తేమ కలిసి కటకములకు బూజు పట్టించుట ఇచ్చటి నిత్యకష్టము. ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో తుడిచి, తేమను పీల్చు గుళికలుంచిన డబ్బాలో మూయవలెను.

పులికాటు విషయము క్లుప్తముగా చెప్పవచ్చును. ఆంధ్ర, తమిళ రాష్ట్రముల నడుమనున్న ఈ సరస్సునందు రాజహంసలు లోతు తక్కువ నీట మేయును. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు కట్టబాట సరస్సు మధ్యగా సాగుటచే బండి దిగకుండగనే చిత్రములు తీయ వీలగును. బండిని చూచి బెదరని పక్షి, బండి దిగిన మనుష్యుని చూచి బెదరును. ఈ చిన్న సంగతి చాలమందికి తెలియదు.

షోలాపురపు నేత పనివారిలో పెక్కురు తెలుగు పద్మశాలీలు. పందొమ్మిదవ శతాబ్దమునుండియు వారు అచ్చటికి తరలిపోయి స్థిరపడిరి. ఆ నగరమునుండి సుమారు 20 కిలోమీటర్లు పోయినచో నన్నజ్ పచ్చిక బయలు వచ్చును. 1979లో బట్టమేక పిట్ట రక్షణకై ఏర్పరచిన అభయారణ్యములో నిది భాగము. ఆ పక్షిని మహారాష్ట్రులు మాళఢోక్ అందురు, తమిళులు కానమయిల్ అందురు. మీటరు ఎత్తు, మగపక్షి పది కిలోలకు పైగా తూగును. నేలపై ఏటికి ఒకే గ్రుడ్డు పెట్టుట సామాన్యము. ఒకప్పుడు కర్నూలు ప్రాంతపు రోళ్లపాడునందును దీనిని చూచుటకు జనులు పోయిరి. నేడు రెండు చోట్లను ఇది దాదాపు కనుమరుగైనది. దేశమున మిగిలినవి నూటయేబదికి మించవని అంచనా, వానిలో అధికభాగము రాజస్థానమున కలవు. పచ్చిక బయలును ప్రభుత్వ పత్రములు ‘బంజరు’ అని వ్రాసినందువలననే దున్నుటకును, చెట్లు నాటుటకును, విద్యుత్తీగలు లాగుటకును అడ్డు లేకపోయినది. తలను ప్రక్కలకు త్రిప్పి చూచు బరువైన ఈ పక్షి ఎదుటి తీగను వేళకు గుర్తింపజాలక తగిలి చచ్చును. మాట తప్పైనచో మేలైన చిత్రము కూడ దానిని సరిదిద్దజాలదు.

అయినను నన్నజ్ శూన్యము కాదు. కృష్ణజింకలు, తోడేళ్లు, చలికాలపు గడ్డి గద్దలు చూడవచ్చును. బయలునందు ఛాయాచిత్రమునకు శత్రువు ఎండ. ఉదయము తొమ్మిది దాటినంతనే వేడెక్కిన నేలమీది గాలి అలలుగా లేచి, పొడవైన కటకమున ప్రతి గీతను వణకించును. దీనికి యంత్రమున మందు లేదు. సూర్యోదయమునకు ముందే చేరి, రెండు గంటలలో పని ముగింపవలెను.

చిత్రము శాస్త్రమునకు చేయగల ఉపకారమునకు కలివి కోడి చరిత్రకంటె మంచి ఉదాహరణము దొరకదు. జెర్డన్ పేరుతో పిలువబడు ఈ పక్షి 1900 తరువాత కానరాక, నశించినదని తలంపబడినది. 1986 జనవరిలో కడప మండలపు లంకమల ప్రాంతమున, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుని అన్వేషణలో, స్థానికుడైన వేటగాడు రాత్రి దీపపు వెలుగున దానిని పట్టెను. కలివి పొదలలో తిరుగు కోడియని దానికి పేరు అచ్చటివారి నోట నిలిచియే యుండెను. శాస్త్రము పోగొట్టుకొన్న పక్షిని మాట దాచిపెట్టినది. పట్టుబడిన పక్షి బ్రతుకలేదు. తరువాతి పరిశోధకులు దానిని పట్టు ప్రయత్నము మాని, పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి అడుగుజాడలను చదివిరి. ఆ దారులయందు స్వయంచాలకపు కెమెరాలనుంచిరి. ఛాంపియన్ తీగ యెనుబది యేండ్ల తరువాత మన ముండ్లపొదలలోనికి వచ్చినదన్నమాట. గత కొన్నేండ్లుగా దాని దర్శనము మిక్కిలి అరుదు. కనుక అట్టి పక్షిని చూచినవాడు ఆ స్థలపు ఆనవాళ్లను పదుగురికి ప్రకటింపక, అడవిశాఖకును పరిశోధకులకును మాత్రమే తెలుపవలెను. దాని కూతను యంత్రమున వినిపించి రప్పించుట గూడ తగదు. శత్రువు వచ్చెనని భ్రమించి అది మేతను మాని తిరుగును. అభయారణ్యమున చిత్రములు తీయుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి అవసరమను సంగతి ఇచ్చట స్మరింపదగినది.

ఇక చిత్రము వెనుక వ్రాయవలసినదేమి? తేది, వేళ, గ్రామము, నీటి స్థితి, పక్షి చేయుచున్న పని. దీనితోపాటు పడవవాడో, పశుల కాపరియో చెప్పిన పేరును అతడు పలికినట్లే వ్రాయుట ముఖ్యము. ప్రవాసమున నున్న తెలుగు కుటుంబములలో పక్షుల పేర్లే ముందుగా మరుగున పడునవి. వంటయింటి మాటలు నిలిచినంతకాలము చెరువుగట్టు మాటలు నిలువవు. కొన్నిచోట్ల ఇరుగుపొరుగు భాష పేరు తెలుగు పేరును త్రోసివేసియుండును. కొన్నిచోట్ల రెండును కలిసి క్రొత్త రూపమేర్పడియుండును. ఏది జరిగినను అది భాషాశాస్త్రమునకు పనికివచ్చు సంగతియే. గూడబాతును మండ్యలో హెజ్జార్లె యందురు, తమిళులు కూళైక్కడా యందురు. మూడింటికి పోలిక లేదు. కాని ఆ గ్రామనామమున నున్న కన్నడపు ‘కొక్కరె’, తమిళుల ‘కొక్కు’, తెలుగు ‘కొక్కెర’ ఒకే మూలమునకు చెందినవి. మైసూరు ప్రాంతపు తెలుగు పిల్లవాడు ఆ ఊరికి పోయి చింతకొమ్మపై గూడు కట్టిన కొంగను చిత్రించినప్పుడు, ఇంటి పెద్దలను ‘దీనినేమందురు?’ అని ఒకమారు అడిగి, వచ్చిన జవాబును తేది ప్రక్కన వ్రాసికొనవచ్చును.